షుగర్ మాత్ర, విటమిన్ డి, వాయిదా పడుతూ వచ్చిన కొలనోస్కోపీ: ఒక కేసు

కోస్తాలో ఒక జిల్లా కేంద్రంలో గ్యాస్ట్రోఎంటరాలజిస్టుగా, అంటే జీర్ణకోశ వ్యాధుల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఈ కేసు రాయడానికి పేషెంటు ఒప్పుకున్నారు. "నాలాంటివాళ్ళు ఇంకా ఉంటారు, రాయండి" అన్నారు. ఆయన్ని గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను. జబ్బు, పరీక్షల అంకెలు, మేం తీసుకున్న నిర్ణయాలు, వాటిలో జరిగిన తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

నేపథ్యం

ఆయనకు 46 ఏళ్ళు. ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తారు. షుగర్ లేదు, బీపీ లేదు, సిగరెట్, మందు అలవాట్లు లేవు. మొదటిసారి మా ఓపీకి వచ్చినప్పుడు ఒంట్లో ఏ బాధా లేదు. నాలుగు నెలల కిందట వాళ్ళ అన్నయ్య పెద్దపేగు క్యాన్సర్‌తో పోయారు. జబ్బు బయటపడినప్పుడు అన్నయ్యకు 48. కాలేయానికి అప్పటికే పాకేసింది.

కుర్చీలో కూర్చోగానే చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశారు. విటమిన్ డి, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ కలిపి ఇస్తే పెద్దపేగులో కణుతులు తగ్గాయన్న వార్త అది. ఎవరో ఫోన్లో పంపితే ప్రింటు తీయించుకున్నారు. "ఈ రెండూ కలిపి వేసుకుంటే పేగు క్యాన్సర్ రాదట కదండీ. ఎంత డోసో రాసిస్తారా?" అని అడిగారు.

నేను కాగితం పైపైన చూసి, "ఇది ఎలుకల మీద చేసిందండీ, మనుషుల మీద కాదు. ఇలాంటివి పట్టించుకోకండి. మీ అన్నయ్యకి వచ్చింది కాబట్టి మీరు ముందు కొలనోస్కోపీ చేయించుకోవాలి" అన్నాను. మలద్వారం గుండా కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష అది. తోడబుట్టినవాళ్ళకో, తల్లిదండ్రులకో 60 ఏళ్ళలోపు పెద్దపేగు క్యాన్సర్ వస్తే 40 ఏళ్ళకే, లేదా ఇంట్లో అందరికంటే చిన్న వయసులో జబ్బు బయటపడినవారి వయసుకు పదేళ్ళ ముందే, ఈ పరీక్ష చేయించుకోవాలి. అన్నయ్య వయసు లెక్కన 38 దాటితే చేయించుకోవాల్సిందే, ఈయనకు అప్పటికే 46. "అలాగేనండి" అని తలూపి వెళ్ళిపోయారు. మొత్తం అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. కేస్ షీట్లో "కొలనోస్కోపీ సలహా ఇచ్చాం, ఒప్పుకున్నారు" అని రాశాను.

నేను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అయినా ఆ అయిదు నిమిషాలే ఈ కేసులో మొదటి వైఫల్యం. ఆయన అడిగింది డోసు గురించి. ఆ ప్రశ్న వెనక ఉన్న భయం గురించి నేను ఒక్క మాట కూడా అడగలేదు. అన్నయ్య సంగతి విన్నాక నాన్నగారి సంగతి, మేనత్తల సంగతి అడగాల్సింది, అదీ అడగలేదు. "అలాగేనండి" అనేది మన దగ్గర చాలాసార్లు ఒప్పుకోలు కాదు, మర్యాద. అది తెలిసి కూడా నేను దాన్ని ఒప్పుకోలుగానే రాసుకున్నాను.

మళ్ళీ వచ్చినప్పుడు

ఆరు నెలల తర్వాత ఒక ఆదివారం సాయంత్రం క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. నాలుగు రోజులుగా వాంతులు. ఆరు రోజులుగా మోషన్ లేదు. బిందెడు నీళ్ళు తాగుతున్నారని భార్య చెప్పారు. రాత్రి అయిదారుసార్లు మూత్రానికి లేస్తున్నారు. 71 కిలోల మనిషి 64కి వచ్చారు. రోజంతా అంకెల మధ్య బతికే మనిషి, ఇవాళ తేదీ ఎంత అని అడిగితే చాలాసేపు ఆలోచించి తప్పు చెప్పారు.

వరండాలో బంధువుల మొహాలు చూస్తేనే వాళ్ళేమనుకుంటున్నారో తెలిసిపోయింది. అన్నకి వచ్చిందే తమ్ముడికీ వచ్చిందని. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. బరువు తగ్గడం, మలబద్ధకం, వాంతులు, ఇంట్లో క్యాన్సర్. పేగు మూసుకుపోయిందేమోనని పొట్ట చూస్తే మెత్తగానే ఉంది. ఎక్స్‌రేలో అడ్డు ఉన్న గుర్తులేమీ లేవు. అయినా నా మనసు క్యాన్సర్ దగ్గరే ఆగిపోయింది. రంగు మందు ఎక్కించి సీటీ స్కాన్ తీయమన్నాను.

ఆ స్కాన్ ఆపింది మా డ్యూటీ డాక్టరమ్మ. దాహం, మూత్రం ఎక్కువ పోవడం చూసి ముందు షుగర్ చూసింది, 104. షుగర్ కాదంటే ఇంకేమిటని ఆగి ఆలోచించి, నేను రాయని పరీక్ష ఒకటి రక్తంతో పాటు పంపింది. "దాహం, మూత్రం, మలబద్ధకం, మతి స్థిమితంగా లేకపోవడం, ఈ నాలుగూ ఒకచోట ఉంటే కాల్షియం చూడాలి కదండీ" అంది. రిపోర్టు వచ్చింది. కాల్షియం 13.8. మామూలుగా 10.5 దాటకూడదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా ఎక్కువగా, 2.3 ఉంది. ఆ కిడ్నీల మీద రంగు మందు ఎక్కించి ఉంటే ఇంకా దెబ్బతినేవి.

కాల్షియం ఇంతలా పెరిగిందంటే మొదట చూడాల్సింది పారాథైరాయిడ్ హార్మోను, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి నుంచి వచ్చి రక్తంలో కాల్షియం పెంచేది. అది బాగా తగ్గి ఉంది. అంటే ఆ గ్రంథి తప్పేమీ లేదు, ఎక్కడినుంచో వచ్చి పడుతున్న కాల్షియం దాన్ని అణిచేసింది. ఇక మిగిలేవి ముఖ్యంగా రెండు, క్యాన్సర్ లేదా విటమిన్ డి. పెద్దపేగు క్యాన్సర్ కాల్షియం పెంచడం చాలా అరుదు. ఆ సంగతి తెలిసి కూడా క్యాన్సర్ వైపే మొగ్గాను. ఎందుకంటే "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగినప్పుడు భార్య, "ఏ మందులూ వాడరండీ, తలనొప్పి మాత్ర కూడా వేసుకోరు" అని గట్టిగా చెప్పారు. ఆమె అబద్ధం చెప్పలేదు.

మర్నాడు పొద్దున మా సిస్టర్ సెలైన్ బాటిల్ మారుస్తూ, "బలానికి ఏమైనా వేసుకుంటారామ్మా?" అని అడిగింది. "ఆఁ, బలానికైతే వేసుకుంటారు" అంది ఆమె. మధ్యాహ్నానికి ఇంటి నుంచి ఒక సంచీ వచ్చింది. అందులో మెట్‌ఫార్మిన్ 500 స్ట్రిప్పులు, కాల్షియం మాత్రల డబ్బా, రబ్బరు బ్యాండు వేసి కట్టలుగా పెట్టిన ఖాళీ విటమిన్ డి పొడి ప్యాకెట్లు, వాటితో పాటు ఒక నోటుపుస్తకం ఉన్నాయి.

ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. పొడుగాటి ఖాతా పుస్తకం, పేజీకి ఎడమపక్క ఎర్ర గీత. స్కేలు పెట్టి గీసిన గడులు. తేదీ, డి, మె, కా. 'మె' గడిలో రోజుకి రెండు టిక్కులు, 'కా' గడిలో రెండు, 'డి' గడిలో రోజు విడిచి రోజు ఒకటి. ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. మొదటి తేదీ ఆయన మా ఓపీకి వచ్చిన రోజుకి దాదాపు నెల తర్వాతది. చివరి పేజీల్లో అక్షరాలు వంకర తిరిగాయి, గడులు దాటాయి. ఆయన మతి తప్పుతుండటం కూడా ఆ పుస్తకంలోనే నమోదైంది.

ప్యాకెట్లు మొత్తం 76. ఒక్కోదాంట్లో 60,000 యూనిట్లు. లోపం ఉన్నవాళ్ళకి వారానికి ఒకటి చొప్పున, అదీ కొన్ని వారాలే రాస్తాం. ఈయన అయిదు నెలల్లో 45 లక్షల 60 వేల యూనిట్లు తీసుకున్నారు. ఎందుకలా అంటే, "వారానికొకటి అనేది లోపం ఉన్నవాళ్ళకి కదండీ, క్యాన్సర్ ఆపాలంటే అంతకన్నా ఎక్కువ కావాలి కదా అనుకున్నా" అన్నారు తర్వాత. విటమినే కాబట్టి ఎక్కువైతే మూత్రంలో పోతుందనుకున్నారట. బి, సి విటమిన్ల గురించి అందరూ అనుకునే మాట అది. డి విటమిన్ కొవ్వులో పేరుకుంటుంది, అంత తేలిగ్గా పోదు. రక్తంలో దాని స్థాయి మా ల్యాబ్ కొలవగలిగిన 150ని దాటిపోయింది.

వైద్యం, అందులో మేం తొందరపడిన చోటు

మెట్‌ఫార్మిన్ ఆ క్షణమే ఆపేశాం. కిడ్నీ పనితీరు బాగా పడిపోతే ఆ మందు ఒంట్లో నిలిచి రక్తంలో ఆమ్లం పెంచే ప్రమాదం ఉంది. అలా పేరుకునే లాక్టేట్ ఎంతుందో చూశాం, కాస్త ఎక్కువగా ఉంది కానీ రక్తంలో ఆమ్లత మామూలుగానే ఉంది. బరువు తగ్గడంలో, మొదటి నెలలో ఆయన ఎవరికీ చెప్పకుండా భరించిన విరేచనాల్లో ఈ మాత్ర వాటా కొంత ఉండే ఉంటుంది.

కాల్షియం దించడానికి మొదటి మందు సెలైనే. మొదటి 24 గంటల్లో దాదాపు నాలుగు లీటర్లు, గుండె, ఊపిరితిత్తులు చూసుకుంటూ ఎక్కించాం. రెండు రోజులకి 12.4కి దిగి అక్కడే నిలబడింది. అప్పుడు రెండు దారులున్నాయి. ఎముకల్లోంచి కాల్షియం కరగకుండా ఆపే జోలెడ్రోనేట్ ఇంజెక్షన్ ఒకటి. కిడ్నీలు ఇంకా కోలుకోలేదు కాబట్టి దాన్ని చేతిలో ఉంచుకున్నాను. రెండోది స్టెరాయిడ్. విటమిన్ డి ఎక్కువైనప్పుడు పేగు కాల్షియంని విపరీతంగా పీల్చుకుంటుంది, స్టెరాయిడ్ ఆ పీల్చుకోవడాన్ని తగ్గిస్తుంది. మూలం దగ్గరే పనిచేస్తుందని రోజుకి 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ మొదలుపెట్టాం. పాలు, పెరుగు ఆపమన్నాం. అన్నిటికంటే ఆయనకు కష్టంగా అనిపించింది పెరుగు మానేయడమే.

తొమ్మిదో రోజుకి కాల్షియం 10.8. మనిషి తేరుకున్నారు. ఇంటికి పంపి, స్టెరాయిడ్‌ని పది రోజుల్లో తగ్గించేయమన్నాను. అది తొందరపాటు. కొవ్వులో దాగున్న విటమిన్ వారాల తరబడి రక్తంలోకి వస్తూనే ఉంటుంది. రెండు వారాలకి మళ్ళీ 12.2. మళ్ళీ స్టెరాయిడ్ 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి ఈసారి ఆరు వారాలు పట్టేలా నెమ్మదిగా తగ్గించాం. ప్రతి వారం రక్తపరీక్ష. పదో వారానికి కాల్షియం 9.8కి, క్రియాటినిన్ 1.2కి వచ్చాయి. మొదటి అంకె బాగుందని మందు ఆపేయకూడదు, అది నిలబడుతుందో లేదో చూశాకే తగ్గించాలి.

ఆ కాగితం గురించి, ఈసారి సరిగ్గా

వార్డులో ఉన్న అయిదో రోజు సాయంత్రం, మతి కుదుటపడ్డాక, ఆయన పక్కన కూర్చుని "ఆ కాగితం ఉందా?" అని అడిగాను. ఉంది. ఈసారి ఇద్దరం కలిసి చదివాం.

ఆ వార్త ఉత్తుత్తిది కాదు. 2015లో వెలువడిన పరిశోధన అది. డీఎంహెచ్ అనే రసాయనం ఇచ్చి ఎలుకల పెద్దపేగులో కణుతులు పుట్టించారు. వాటికి విటమిన్ డి3, మెట్‌ఫార్మిన్ విడివిడిగా, కలిపి ఇచ్చి చూశారు. కలిపి ఇచ్చినప్పుడు ఫలితం మెరుగ్గా ఉంది. అందులో శాస్త్రమూ ఉంది. మెట్‌ఫార్మిన్ కణంలో ఏఎంపీకే అనే ఎంజైమును లేపుతుంది. శక్తి తక్కువగా ఉందని కణానికి చెప్పే ఎంజైము అది. దాంతో ఎదుగుదలను తోసే ఎంటార్ దారి నెమ్మదిస్తుంది. విటమిన్ డి వేరే వైపునుంచి, పేగు కణాలను అదేపనిగా విభజించమని పురిగొల్పే బీటా కెటెనిన్ సంకేతాన్ని తగ్గిస్తుంది. రెండు బ్రేకులు రెండు చక్రాల మీద పడటం లాంటిది. అందుకే పరిశోధకులకు ఆసక్తి. మొదటిరోజు నేను "పట్టించుకోకండి" అని కొట్టిపారేయడం ఆ పరిశోధనకీ అన్యాయమే, ఈయనకీ అన్యాయమే.

మనుషుల్లో ఏం తేలిందో కూడా చెప్పాను. మెట్‌ఫార్మిన్ విషయంలో జపాన్ వైద్యులు 2016లో ఒక మంచి పరిశోధన ప్రచురించారు. షుగర్ లేని 151 మంది, అందరూ పాలిప్‌లు, అంటే పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కణుతులు, తీయించుకున్నవాళ్ళే. సగం మందికి రోజుకి 250 మిల్లీగ్రాములు, మిగతావాళ్ళకి మందు లేని ఉత్త మాత్ర. ఏడాది తర్వాత చూస్తే క్యాన్సర్‌గా మారే రకం పాలిప్‌లు మెట్‌ఫార్మిన్ వాడినవాళ్ళలో 30.6 శాతం మందికి, ఉత్త మాత్ర వాడినవాళ్ళలో 51.6 శాతం మందికి మళ్ళీ వచ్చాయి. ఆశ పుట్టించే అంకెలే. కానీ మనుషులు తక్కువ, కాలం ఏడాదే, తగ్గింది పాలిప్‌లు. క్యాన్సర్ తగ్గిందో లేదో అంత చిన్న పరిశోధన చెప్పలేదు.

విటమిన్ డి సంగతి వేరు. దాని మీద చాలా పెద్ద పరిశోధనలే జరిగాయి. అమెరికాలో 36,282 మంది మహిళలకు ఏడేళ్ళపాటు 400 యూనిట్ల విటమిన్ డి, కాల్షియం ఇచ్చి చూసి 2006లో ప్రకటించారు. పెద్దపేగు క్యాన్సర్ తగ్గలేదు. 2015లో, పాలిప్‌లు తీయించుకున్న 2,259 మందిలో రోజుకి 1000 యూనిట్ల విటమిన్ డి, 1200 మిల్లీగ్రాముల కాల్షియం విడివిడిగా, కలిపి చూశారు. మొత్తం మీద 43 శాతం మందికి పాలిప్‌లు మళ్ళీ వచ్చాయి, విటమిన్ వల్ల తేడా లేదు. 25,871 మందితో చేసిన వైటల్ పరిశోధనలో రోజుకి 2000 యూనిట్లు ఇచ్చినా కొత్తగా వచ్చే క్యాన్సర్లు తగ్గలేదని 2019లో తేలింది. వైటల్‌లో ఒక మనిషి పరిశోధన జరిగిన అయిదేళ్ళ పైచిలుకు కాలమంతా తీసుకున్న దానికంటే ఈయన అయిదు నెలల్లో తీసుకున్నదే ఎక్కువ.

ఆయన అంకెలు శ్రద్ధగా విన్నారు. విని, నాకు తట్టని ప్రశ్న ఒకటి వేశారు. "జపాన్‌లో వాళ్ళందరికీ ముందు కొలనోస్కోపీ చేసి, ఉన్నవి తీసేశాకే మాత్ర ఇచ్చారా?"

అవును. 2015 నాటి అమెరికా పరిశోధనలోనూ అంతే. ముందు పేగు శుభ్రం చేశారు, తర్వాత మాత్ర ఇచ్చారు, చివర మళ్ళీ కొలనోస్కోపీతోనే ఫలితం చూశారు. మాత్రకి పనుందేమోనని వెతికినవాళ్ళు కూడా పరీక్షకు బదులుగా దాన్ని వాడలేదు. "అయితే నేను మొదటి మెట్టు వదిలేసి రెండో మెట్టు ఎక్కాను" అన్నారాయన.

ఇక కొలనోస్కోపీ ఖాయమనుకున్నాను.

రెండుసార్లు రాలేదు

కిడ్నీలు కోలుకోవాలి కాబట్టి ఎనిమిదో వారంలో తేదీ ఇచ్చాను. రాలేదు. పదకొండో వారంలో ఇంకో తేదీ. రాలేదు. ఫోన్ చేస్తే మిల్లులో సీజన్ అన్నారు. వారం వారం రక్తపరీక్షకు మాత్రం తప్పకుండా వస్తున్నారు. రక్తం ఇవ్వడానికి తీరిక దొరికే మనిషికి దీనికే ఎందుకు దొరకడం లేదని అప్పుడు ఆలోచించాను. ఒప్పించడానికి ఇంకా అంకెలు చెప్పాలనుకోవడం నాకున్న అలవాటు. ఈయనకి అంకెలు నాకంటే బాగానే అర్థమయ్యాయి. అడ్డం ఇంకెక్కడో ఉంది.

తర్వాతి రక్తపరీక్ష రోజు తలుపు వేసి, పరీక్ష గురించి నేనేమీ చెప్పకుండా, "మీ అన్నయ్యగారికి ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పండి" అన్నాను. చాలాసేపటికి చెప్పారు. అన్నయ్య దసరాకి ఇంటికొచ్చి అందరితో కలిసి భోంచేశారు. దీపావళి ముందు ఒక ఆసుపత్రిలో కొలనోస్కోపీ చేశారు. ఆ రోజునుంచి మనిషి మళ్ళీ లేవలేదు. సంక్రాంతికి లేరు. "బాగున్న మనిషి డాక్టర్ గారూ. ఆ పైపు పెట్టాకే పోయాడు."

అదీ అసలు విషయం. ఆయన క్యాన్సర్‌కి ఎంత భయపడుతున్నారో ఆ పరీక్షకీ అంతే భయపడుతున్నారు. మాత్రలు వేసుకున్నది క్యాన్సర్ రాకుండా మాత్రమే కాదు, కొలనోస్కోపీ అక్కర్లేకుండా కూడా. నేను మొదటిరోజే "ఆ పరీక్ష అంటే మీకేమనిపిస్తుంది?" అని అడిగి ఉంటే ఈ మాట అప్పుడే బయటికొచ్చేది.

దానికి జవాబు నా దగ్గర లేదు. ఉంటే వాళ్ళ వదినగారి దగ్గర ఉండాలి. వచ్చేసారి ఆవిడను కూడా తీసుకురమ్మన్నాను, బంధువుల్లో ఎవరెవరికి ఏ జబ్బులొచ్చాయో రాసుకోవాలని. అది నిజంగా కావాల్సిన వివరమే.

ఆవిడ వచ్చారు. ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక వంశవృక్షం గీయడం మొదలుపెట్టాను. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి సున్నా, జబ్బు వచ్చినవాళ్ళకి లోపల గీతలు. నాన్నగారు 54 ఏళ్ళకి పోయారు, "పేగులో గడ్డకి ఆపరేషన్ చేశారు, ఏడాది బతికారు." నాన్నగారి చెల్లెలు, అంటే వీళ్ళ మేనత్త, 50 దాటాక గర్భసంచి క్యాన్సర్‌తో పోయారు. అన్నయ్య 48. మూడు గుర్తులకి గీతలు నింపేసరికి నా చెయ్యి ఆగింది. పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్లు కలిసి ఒకే కుటుంబంలో ముగ్గురికి, వరుసగా రెండు తరాల్లో, అందులో ఒకరికి 50 లోపు. ఇది లించ్ సిండ్రోమ్ ఉండే తీరు, అంటే ఇలాంటి క్యాన్సర్లు వచ్చే అవకాశాన్ని బాగా పెంచే, వంశపారంపర్యంగా వచ్చే జన్యులోపం. పది నెలల కిందట అయిదు నిమిషాలు ఎక్కువ కూర్చుని ఉంటే ఇది అప్పుడే కనిపించేది.

తర్వాత ఆవిడని, "ఆ పరీక్షకి ముందు మీవారికి ఏమీ బాధ లేదామ్మా?" అని అడిగాను.

ఆవిడ మరిది వైపు తిరిగారు. "లేకపోవడమేంటయ్యా? ఏడాదిన్నరపాటు రక్తం పడింది. మొలలని ఎవరో చెబితే ఆ మందే వాడారు. మీకెవ్వరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. దసరాకి అందరితో కూర్చుని తిన్నారు, వెనక్కెళ్ళి కక్కుకున్నారు. నువ్వు చూడలేదు."

గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆయన కళ్ళు తుడుచుకుని, "ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగారు.

పరీక్షలో కనిపించింది

ముందు రోజు పేగు శుభ్రానికి పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి ఇచ్చాం. కిడ్నీ దెబ్బతిని కోలుకున్నవాళ్ళకి ఫాస్ఫేటు మందులు వాడకూడదు. మత్తిచ్చి చేశాం. పెద్దపేగు కుడివైపు, మలుపుకి కాస్త ముందు, 14 మిల్లీమీటర్ల చదునైన పాలిప్ కనిపించింది. పేగు గోడ మీద పల్చటి అట్టులా పరుచుకుని ఉంది. కడిగి చూస్తే తప్ప తెలియదు, శుభ్రం సరిగ్గా కాకపోయినా, మనం తొందరపడినా దాటిపోయేదే. కిందనుంచి నీలం రంగు కలిపిన సెలైన్ ఎక్కించి పైకి లేపి, తీగ ఉచ్చు వేసి మొత్తం ఒకే ముక్కగా తీశాం. గాయానికి క్లిప్పు వేశాం.

బయాప్సీలో అడినోమా, అంటే క్యాన్సర్‌గా మారే రకం పాలిప్ అని తేలింది. కణాల్లో క్యాన్సర్‌కి బాగా దగ్గరగా వెళ్ళిన మార్పులు, అంచులు శుభ్రం. మామూలుగా పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి పదేళ్ళ దాకా పడుతుంది. లించ్ ఉన్నవాళ్ళలో రెండు మూడేళ్ళలోనే జరిగిపోవచ్చు.

అయిదు నెలలు మాత్రలు వాడినా పాలిప్ ఉంది కాబట్టి ఆ రెండు మందులూ పనిచేయవని ఈ కేసుతో తేల్చకూడదు. ఆ పాలిప్ మాత్రలకు ముందునుంచే ఉండి ఉండొచ్చు. ఒక్క మనిషి కథతో మందు మంచిచెడ్డలు నిర్ణయించలేం. కానీ మాత్రలు నమ్ముకుని పరీక్ష ఇంకో రెండేళ్ళు వాయిదా వేసి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి ఈ బయాప్సీ రిపోర్టు చాలు.

అన్నయ్యకు బయాప్సీ చేసిన ఆసుపత్రి నుంచి, ఆయన కణుతి ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మ తెప్పించడానికి రెండు నెలలు పట్టింది. దాన్ని పరీక్షిస్తే ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 ప్రోటీన్లు లేవు. డీఎన్ఏ నకలు తీసేటప్పుడు పడే తప్పుల్ని సరిదిద్దే ప్రోటీన్లవి. తర్వాత ఈయన రక్తంలో జన్యుపరీక్ష చేస్తే ఎంఎస్‌హెచ్2 జన్యువులో లోపం ఖాయమైంది. ఎలుకల పరిశోధన ఈయన విషయంలో ఇంకాస్త దూరమైనది ఇందుకే. అక్కడ కణుతులు రసాయనంతో పుట్టాయి. ఈయనలో పుట్టే దారే వేరు.

ఈ జబ్బుకి కొలనోస్కోపీ విలువ ఎంతో ఫిన్లాండ్ వైద్యులు చూపించారు. 22 లించ్ కుటుంబాల్లో, మూడేళ్ళకోసారి పరీక్ష చేయించుకున్నవాళ్ళలో పదిహేనేళ్ళలో క్యాన్సర్ 62 శాతం తక్కువగా వచ్చిందని 2000లో ప్రచురించారు. ఇప్పుడు ఏడాదికో, రెండేళ్ళకో ఒకసారి చేస్తున్నాం.

ఆయనకు మాత్ర వేసుకోవాలన్న కోరిక పోలేదు. దాన్ని తప్పుపట్టను. రోజూ తన చేత్తో తాను చేసుకునే పని ఒకటి ఉండటం అలాంటి భయంలో పెద్ద ఊరట. లించ్‌కి సరిపోయే మాత్ర నిజంగా ఒకటి ఉంది, ఆస్పిరిన్. 861 మంది లించ్ రోగులతో చేసిన క్యాప్2 పరిశోధనలో కొందరు రోజుకి 600 మిల్లీగ్రాములు సుమారు రెండేళ్ళు వాడారు. పదేళ్ళ తర్వాత చూస్తే ఆస్పిరిన్ వాడినవాళ్ళలో 9 శాతానికి, వాడనివాళ్ళలో 13 శాతానికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. ఈయన కిడ్నీలు ఇంతకుముందే దెబ్బతిన్నాయి కాబట్టి అంత పెద్ద డోసు ఇవ్వడానికి నాకు ధైర్యం చాలలేదు. జీర్ణాశయంలో పుండ్లు చేసే హెచ్. పైలోరీ బ్యాక్టీరియా సంగతి ముందు చూసుకుని, క్రియాటినిన్ మామూలుకొచ్చాక రోజుకి 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాం. మెట్‌ఫార్మిన్ మళ్ళీ ఇవ్వలేదు. షుగర్ వస్తే షుగర్ కోసం ఇస్తాం. విటమిన్ డి తగ్గితే ఎముకల కోసం, తగినంతే ఇస్తాం.

మా ఓపీలో మారినవి

ఇప్పుడు మా కేస్ షీట్లో "మందులు" గడి కింద "బలానికి వేసుకునేవి" అని ఇంకో గడి ఉంది. ఆ ప్రశ్న మా సిస్టర్‌దే. దానికి వచ్చే జవాబుల్లో విటమిన్ డి ప్యాకెట్లు ఎంత తరచుగా ఉంటాయో చూసి ఆశ్చర్యపోయాను. ఎవరో ఒకసారి ఎనిమిది వారాలకి రాసిచ్చిన చీటీ మీద రెండేళ్ళుగా కొనుక్కుంటున్నవాళ్ళున్నారు.

ఇంట్లో ఒక క్యాన్సర్ ఉందంటే వంశవృక్షం గీయకుండా పంపడం లేదు. తల్లి వైపు, తండ్రి వైపు, ఆడవాళ్ళ గర్భసంచి జబ్బులతో సహా. పేషెంటుకి తెలియకపోతే ఇంట్లో పెద్దావిడ ఎవరికి గుర్తుంటాయో అడిగి ఆవిడతో ఫోన్లో మాట్లాడుతున్నాను. "ఒప్పుకున్నారు" అని రాయడం మానేశాను. తేదీ తీసుకుంటేనే తీసుకున్నారని రాస్తున్నాను, రాకపోతే ఫోన్ చేస్తున్నాం.

ఎవరైనా కాగితమో, ఫోనులో వార్తో చూపిస్తే ముందు అది పూర్తిగా చదువుతున్నాను. "ఇది చూసి మీకేమనిపించింది?" అని అడుగుతున్నాను. ఓపీ నెమ్మదిస్తుంది, బయట కూర్చున్నవాళ్ళు విసుక్కుంటారు. అయినా అడుగుతున్నాను. ఆ జవాబులోనే చాలాసార్లు అసలు కేసు ఉంటోంది.

రెండో కొలనోస్కోపీ ఏడాదికి జరిగింది. చిన్న పాలిప్ ఒకటి, 4 మిల్లీమీటర్లు, తీసేశాం. ఆయన చెల్లెలు బెంగళూరులో పరీక్ష చేయించుకున్నారు. ఆమెకీ అదే జన్యులోపం ఉంది. పేగు శుభ్రంగా ఉంది, గర్భసంచి విషయం అక్కడి గైనకాలజిస్టు చూస్తున్నారు. అన్నయ్య కొడుక్కి 22 ఏళ్ళు. ఆ అబ్బాయికీ జన్యుపరీక్ష చేయాలి. లోపం ఉంటే కొలనోస్కోపీలు మొదలుపెట్టాల్సిన వయసు వచ్చేసింది. సెమిస్టర్ పరీక్షలయ్యాక తీసుకొస్తానని వదినగారు మొన్న ఫోన్లో చెప్పారు. తేదీ ఇచ్చాను. బాబాయి నోటుపుస్తకంలో రాసుకున్నారు.